పాల లెక్కల పక్కన ఇంకో లెక్క

జ్వరం తిరగబెట్టింది అంటాం. టైఫాయిడ్ తిరగబెట్టింది అంటాం. క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి నోటా ఆ మాట రాదు. "మళ్ళీ ఏదో కనిపించిందట" అంటారు. "చిన్న మచ్చట" అంటారు, 'చిన్న' దగ్గర గొంతు ఇంకాస్త తగ్గించి. డాక్టర్లయితే రికరెన్స్ అనేసి చేతులు దులుపుకుంటారు. బి.ఏ.లో తెలుగు చదివిన పాపానికి నాకీ మాటల గోల ఒకటి ఉందని మీకు తెలిసిందేగా. మా అత్తయ్య గారికి ఆ గోల లేదు. "తిరగబెట్టిందని చెప్పవే అమ్మాయ్, ఆ మాటకేమన్నా ముళ్ళున్నాయా?" అన్నారు ఒక మధ్యాహ్నం, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

ఆవిడ సంగతి ఇంతకుముందు ముక్కలు ముక్కలుగా రాశాను. ఎలా ఉన్నారని అడిగేవాళ్ళు, వాళ్ళింట్లోనూ ఇదే జబ్బని చెప్పుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని ఈసారి మొదటినుంచీ రాస్తాను.

అత్తయ్య గారికిప్పుడు 69 ఏళ్ళు. తెనాలి పక్క పల్లె. మామయ్య గారు పోయాక గుంటూరులో మా దగ్గరే ఉంటున్నారు. 2021 దసరా రోజుల్లో రక్తం పడుతుంటే మొలలనుకుని, ఎవరికీ చెప్పకుండా, మజ్జిగలో ఏదో పొడి కలుపుకు తాగుతూ రెండు నెలలు నెట్టుకొచ్చారు. ఒకరోజు తులసికోట దగ్గర కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 ఉంది. కొలనోస్కోపీలో పెద్దపేగు కిందిభాగంలో గడ్డ కనిపించింది. సీటీ స్కాన్ తీస్తే కాలేయంలో కుడిపక్కన రెండు మచ్చలు. అంటే మాకు తెలిసిన మొదటి రోజునే అది నాలుగో స్టేజి.

నాలుగో స్టేజి అనగానే మా ఆడపడుచు ఫోన్లో ఏడుపు మొదలుపెట్టింది. అందరికీ తెలిసిన అర్థం ఒకటే కదా. కానీ పెద్దపేగు నుంచి కాలేయానికి మాత్రమే పాకితే, ఆ మచ్చల్ని పూర్తిగా తీసెయ్యడానికి వీలుంటే, పూర్తిగా నయం చెయ్యాలనే ఆశతోనే వైద్యం చేస్తారు. అలా నయమైనవాళ్ళు ఉన్నారు కూడా. కాలేయానికే ఎందుకు వెళ్తుందని నేను అడిగితే డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీశారు. పేగుల్లోంచి వచ్చే రక్తం నేరుగా గుండెకి పోదట. పోర్టల్ సిర అనే పెద్ద నాళంలో పడి ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ వడపోత అయ్యాకే పైకి పోతుంది. గడ్డలోంచి ఊడిన కణాలు కూడా ఆ దారినే వచ్చి అక్కడ చిక్కుకుంటాయి. అత్తయ్య గారు బొమ్మ చూసి, "కాలవలో కొట్టుకొచ్చిన చెత్తంతా లాకుల దగ్గర పేరుకున్నట్టు" అన్నారు. డాక్టరు గారు అవునన్నారు.

2022 జనవరిలో పేగు ఆపరేషన్ అయింది. తర్వాత ఆరు విడతల కీమో. జులైలో హైదరాబాదులో కాలేయం ఆపరేషన్. మళ్ళీ ఆరు విడతలు. ఒక్క వాక్యంలో రాసేశాను గానీ ఆ ఏడాది ఎలా గడిచిందో ఇంట్లోవాళ్ళకే తెలుసు.

కీమో అంటే జుట్టు రాలడం ఒక్కటే అనుకునేదాన్ని. ఆవిడకి జుట్టు పల్చబడిందే గానీ పూర్తిగా పోలేదు. చలి మాత్రం శత్రువైపోయింది. ఆక్సాలిప్లాటిన్ అనే మందు పడ్డాక నాలుగైదు రోజులు చల్లటిదేదీ తగలకూడదు. ఫ్రిజ్ లోంచి పాలగిన్నె తియ్యబోతే వేళ్ళకి కరెంటు కొట్టినట్టయి గిన్నె వదిలేశారు. చల్లటి నీళ్ళు గుక్క వేస్తే గొంతు బిగుసుకుపోయేది. అప్పట్నుంచీ ఫ్రిజ్ తలుపు నా ఒక్కదాని పని. ఉదయం ముఖానికి గోరువెచ్చటి నీళ్ళు, తాగడానికి ఫ్లాస్కు, మే నెలలో కాళ్ళకి సాక్సులు. గుంటూరు ఎండలో సాక్సులేసుకున్న మనిషిని చూసి పక్కింటి పిల్లలు నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేవారు.

ఇంకో మందు 46 గంటలపాటు సన్నగా ఎక్కుతూ ఉండాలి. అందుకు కాలర్ ఎముక కింద చర్మం లోపల పోర్టు పెట్టి, దానికి పాలసీసాంత పంపు తగిలించి ఇంటికి పంపేస్తారు. ఆ పంపుకి నేను పాత జాకెట్టు గుడ్డతో నడుముకి కట్టుకునే సంచి కుట్టాను. "మీ అమ్మమ్మ ఇలాంటి సంచిలోనే వక్కాకు పెట్టుకునేది" అని మా అమ్మాయికి చూపించి, రెండు రోజులూ ఆ సంచితోనే వంటింట్లో తిరిగేవారు.

కాలేయం ఆపరేషన్ గురించి ఎక్కువమంది అడిగేది, అంత కోసేస్తే మనిషి ఎలా బతుకుతారని. ఆవిడకి కుడిభాగం దాదాపు 60 శాతం తీసేశారు. ముందే స్కాన్ లో కొలిచారు, ఎంత మిగులుతుందో. ఆరోగ్యంగా ఉన్న కాలేయమైతే పాతిక శాతం మిగిలినా నెట్టుకొస్తుందట. కీమో దెబ్బ తిన్నదైతే 30 శాతం పైనే ఉండాలి. మిగిలింది కొన్ని రోజుల్లోనే పెరగడం మొదలుపెడుతుంది. పాత ఆకారం రాదు గానీ పరిమాణం దాదాపు వచ్చేస్తుంది. మూడు నెలల తర్వాత స్కాన్ లో ఆ ఎడమ ముక్క ఉబ్బి, ఖాళీ చోటులోకి సర్దుకుని కూర్చున్న వైనం చూస్తే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఈ కబురు చుట్టాల్లో పాకిందో లేదో, మా పెదమామయ్య గారు టిఫిన్ డబ్బా నిండా మేక కార్జం వేపుడు చేయించుకుని బస్సులో వచ్చేశారు, కార్జానికి కార్జం బలమని. అత్తయ్య గారు శనివారమని ముట్టుకోలేదు. మా పిల్లలు తిన్నారు.

2022 డిసెంబరుతో కీమో అయిపోయింది. తర్వాత ఏడాది మా ఇల్లు మామూలు ఇల్లే. ఆవకాయ పెట్టారు. చిన్న మనవడి అన్నప్రాసనకి బెంగుళూరు వెళ్ళొచ్చారు. ఒకటే తేడా, వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. చలి బాధ పోయింది గానీ తిమ్మిరి పోలేదు. పూలు కట్టలేరు. జాకెట్టు హుక్కులు నేనే పెట్టాలి. ముగ్గుపిండి చిటికెలోంచి ఎంత జారుతోందో వేలికి తెలియదు, గీత ఒకచోట లావు, ఒకచోట ఖాళీ. వాకిట్లో చుక్కలు పెట్టి లేచి నిలబడి చూసుకుని, నీళ్ళు చల్లి చెరిపేసి, నన్ను పిలిచేవారు. ఇది కీమో పూర్తయి ఏడాది గడిచాక కూడా. ముందు చెప్పే అనర్థాల జాబితాలో 'కొందరికి తిమ్మిర్లు ఉండిపోవచ్చు' అని ఒక ముక్క ఉంటుంది. నలభై ఏళ్ళు ముగ్గులు వేసిన చేతికి ఆ ముక్క ఎంత బరువో జాబితా రాసేవాళ్ళకి తెలియదు.

మూడు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష, ఆరు నెలలకోసారి సీటీ స్కాన్. సీఈఏ 5 లోపు ఉంటే మామూలు. అయితే ఆ ఒక్క అంకెతో తేల్చడానికి లేదు. పొగ తాగేవాళ్ళకి, ఒంట్లో ఇంకేదైనా వాపు ఉన్నవాళ్ళకి కూడా పెరుగుతుంది. ఒకసారి పెరిగితే కంగారొద్దు, వరసగా పెరుగుతుంటే వెతకాలి అంటారు. రిపోర్టులు మా వారి ఫోనుకి వస్తాయి. ఆయన చూసి, "బానే ఉందమ్మా" అని ఒక్క మాట చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయేవారు.

2024 జనవరిలో కూడా అదే మాట చెప్పారు. నాకు వంటింట్లోకొచ్చి, 9.4 ఉందని చెప్పారు. అన్నదమ్ములిద్దరూ, మా ఆడపడుచూ ఫోన్లో మాట్లాడుకుని, స్కాన్ తీసేదాకా అమ్మకి చెప్పొద్దనుకున్నారు. సంక్రాంతి వెళ్ళనిమ్మన్నారు. నాకది నచ్చలేదు, నచ్చలేదని చెప్పాను కూడా. ఒంట్లో జబ్బున్న మనిషి ఒక్కరికే తెలియకుండా ఇంటిల్లిపాదికీ తెలియడం ఏం న్యాయం? సరే, వాళ్ళమ్మ, వాళ్ళ భయం.

కనుమ మర్నాడు ఆవిడ గోడ మీది క్యాలెండరు తీసుకొచ్చి నా ముందు పెట్టారు. పాల లెక్క, చాకలి లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీ అన్నీ అందులోనే రాస్తారు. పాత సంవత్సరం క్యాలెండరు కాగితాలు కూడా పడెయ్యరు. వాటి వెనక వరసగా ఉన్నాయి: 2.3, 2.1, 2.6, 3.9. "ల్యాబు అబ్బాయి మెసేజీ నా ఫోనుకి కూడా పెడతాడే. నంబరు నేనే ఇచ్చాను" అన్నారు. చివరి గడిలో 9.4 కూడా ఉంది, వంకర అక్షరాలతో. నలభై ఏళ్ళు పాలవాడి లెక్క పట్టిన మనిషి, 2.6 తర్వాత 3.9 వచ్చినప్పుడే అనుకున్నారట. "వాళ్ళు చెప్పేదాకా నాకు తెలిసినట్టు చెప్పకు. పిల్లలు పాపం పండగ చెడగొట్టకూడదని చూస్తున్నారు" అన్నారు. అలా పది రోజులు ఆ ఇంట్లో ఒకరి దగ్గర ఒకరు దాచిపెట్టుకుంటూ, మధ్యలో నేను అరిసెలు వంచుతూ.

ఎమ్మారై, పెట్ స్కాన్ రెండూ అయ్యాయి. కొత్తగా పెరిగిన కాలేయంలో 1.8 సెంటీమీటర్ల మచ్చ, ఒక్కటే. ఇంకెక్కడా లేదు.

చుట్టాలు వేసిన ప్రశ్నల్లో రెండు నాకిప్పటికీ గుచ్చుకుంటాయి. "ఆపరేషన్ సరిగ్గా చెయ్యలేదేమో?" ఒకటి. "పథ్యం సరిగ్గా చేయించలేదా?" రెండోది, అది నాకు. కాలేయం మీద ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ళలో సగానికి పైగా మందికి తిరగబెడుతుంది. ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే. అందులో చాలావాటికి చోటు మళ్ళీ కాలేయమే. కత్తి పట్టిన చేతిలో లోపం వల్ల కాదు. ఆపరేషన్ నాటికే ఏ స్కానుకీ దొరకనంత చిన్న కణాలు అక్కడక్కడా దాక్కుని ఉంటాయి. అత్తయ్య గారు రక్తబీజుడి కథ చెప్పారు మా అమ్మాయికి, నేలమీద పడ్డ ప్రతి రక్తపు బొట్టుకీ ఒక రాక్షసుడు లేస్తాడు కదా, అది. పంచదార మానేస్తేనో, గోధుమగడ్డి రసం తాగితేనో అది రాకుండా ఆగుతుందని చెప్పేవాళ్ళకి నేను దణ్ణం పెట్టి ఊరుకుంటాను. రోజూ గుడ్డో, పప్పో, పెరుగో సరిపడా తిని, బరువు తగ్గకుండా చూసుకోమన్నారు డాక్టర్లు. మేం చేసిన పథ్యం అదే.

ఇక ఏం చెయ్యాలనేదగ్గర ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు. ఒకాయన మళ్ళీ ఆపరేషన్ అన్నారు. రెండోసారి కూడా కొయ్యొచ్చా అని మేం నోళ్ళు తెరిచాం. మచ్చ తీసెయ్యడానికి వీలుండి, మిగిలే కాలేయం చాలితే కొయ్యొచ్చట, ఫలితం కూడా మొదటిసారి లాగే ఉంటుందట. రెండో ఆయన అబ్లేషన్ అన్నారు. చర్మం మీంచి సూది దించి, స్కాన్ లో చూస్తూ మచ్చ మధ్యదాకా పోనిచ్చి, మైక్రోవేవ్ తో కాల్చేస్తారు, చుట్టూ కొంచెం మంచి భాగంతో సహా. మన వంటింటి ఒవెన్ సూత్రమే. మచ్చ 3 సెంటీమీటర్ల లోపుండాలి. పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంటే కష్టం, పారే రక్తం వేడిని లాగేస్తుంది. దీనికి అత్తయ్య గారు, "అవును మరి, నీళ్ళున్నంతసేపూ గిన్నె అడుగు మాడదు" అన్నారు. ఆవిడ మచ్చ లోతుగా, కాలేయం మధ్యలో ఉంది. నాళాలకి దూరంగా ఉంది. కొయ్యాలంటే చిన్న మచ్చ కోసం పెద్ద ముక్క పోతుంది. అందుకని అబ్లేషన్ కే మొగ్గాం. మార్చిలో చేశారు. మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నారు. ఆ జూన్ లోనే, నెదర్లాండ్స్ డాక్టర్లు నడిపిన కొలిజన్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. 3 సెంటీమీటర్ల లోపు మచ్చలకి కాల్చడం కొయ్యడానికి ఏమాత్రం తీసిపోదని తేలిందట. మా మరిది బెంగుళూరు నుంచి ఆ వార్త పంపించి, "మనం కరెక్టుగానే చేశాం వదినా" అని రాశాడు. అతనికి నిద్రపట్టిన మొదటి రాత్రి అదేననుకుంటా.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. కాల్చేశారు సరే, మళ్ళీ కీమో వెయ్యాలా వద్దా?

మా వారు వెయ్యాలన్నారు. ఆడపడుచు వెయ్యాలంది. అత్తయ్య గారు వద్దన్నారు. అరవలేదు, ఏడవలేదు, అలిగి అన్నం మానెయ్యలేదు. "వద్దు నాయనా" అన్నారు, అంతే. మా వారికి ఆ మెత్తదనమే ఎక్కడలేని కోపం తెప్పించింది. "నీకేం తెలుసమ్మా" అన్నారు. ఆయన ఆవిడతో అలా మాట్లాడటం పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేను వినలేదు. మా అమ్మాయి పుస్తకం మూసేసి లోపలికెళ్ళిపోయింది.

డాక్టరు గారి దగ్గర ఆవిడే అడిగారు. "వేస్తే ఎన్నాళ్ళు ఎక్కువుంటాను? వెయ్యకపోతే ఎన్నాళ్ళు తక్కువుంటాను? ఉజ్జాయింపుగా చెప్పండి బాబూ." ఆ డాక్టరు గారికి నేను రుణపడి ఉంటాను, సూటిగా మాట్లాడినందుకు. జపాన్ లో కాలేయం ఆపరేషన్ అయిన 300 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి కీమో వేశారట, రెండో జట్టుకి వెయ్యకుండా గమనించారట. 2021లో ఫలితం వచ్చింది. అయిదేళ్ళకి జబ్బు మళ్ళీ రాకుండా ఉన్నవాళ్ళు కీమో జట్టులో 50 శాతం దగ్గర, రెండో జట్టులో 39 శాతం దగ్గర. అంటే కీమో జబ్బుని కొంత ఆపింది. కానీ బతికున్నవాళ్ళ లెక్క తీస్తే మాత్రం కీమో జట్టు ముందు లేదు. "అది మొదటిసారి ఆపరేషన్ అయినవాళ్ళ లెక్కమ్మా, మీకు అచ్చంగా వర్తించదు. వేస్తే ఈసారి వేరే మందు వేస్తాం, వేళ్ళ తిమ్మిరి పెంచదు. విరేచనాలు, నీరసం ఉంటాయి. వేసుకోనంటే అది మొండితనమని నేననను" అన్నారు. మా వారు టార్గెటెడ్ మందుల సంగతి అడిగారు. ఆవిడ గడ్డలో కేరాస్ అనే జన్యువులో మార్పు ఉందని ముందే తేలింది. ఆ మార్పున్నవాళ్ళకి సెటుక్సిమాబ్ లాంటివి పనిచెయ్యవు. ఆ తలుపు మూసేసి ఉంది.

తిరిగొస్తుంటే కారులో మంగళగిరి దాకా ఎవరూ మాట్లాడలేదు. అక్కడ ఆవిడే మొదలుపెట్టారు. "ఒరేయ్, మొదటిసారి నువ్వు ఏది చెయ్యమంటే అది చేశాను. మీ నాన్న పోయిన దుఃఖంలో ఉన్నావని, నీ కోసమే చేశాను. బాగానే చేశాను. మళ్ళీ వచ్చిందనుకో, అప్పుడు వేసుకుంటాను. మందు ఎక్కడికీ పోదుగా. ఇప్పుడు ఒంట్లో లేనిదాని కోసం ఆర్నెల్లు మంచం మీద పడుకోను."

మా వారు బండి పక్కకి ఆపారు. నీళ్ళ సీసా కోసం దిగినట్టు దిగి, కాసేపు అటు తిరిగి నిలబడ్డారు. నేను దిగలేదు. తల్లీ కొడుకుల మధ్య కోడలు వెళ్ళాల్సిన చోట్లుంటాయి, వెళ్ళకూడని చోట్లూ ఉంటాయి.

ఆయన ఒప్పుకున్నారని చెప్పలేను. ఊరుకున్నారు. ఇప్పటికీ టీవీలో ఏదైనా కొత్త మందు పేరు వినిపిస్తే శబ్దం పెంచుతారు. ఖర్చు మాటకొస్తే, పెద్ద ఆపరేషన్లకి ఇన్సూరెన్సు చాలావరకు ఆదుకుంది. స్కాన్లు, ప్రయాణాలు, హైదరాబాదులో గది అద్దెలు మాత్రం చేతివే. ఆయన పీఎఫ్ లోంచి తీశారు. అత్తయ్య గారు కాసులపేరు అమ్మమంటే ఎవరం ఒప్పుకోలేదు. అది మనవరాలి పెళ్ళికని ఆవిడే ఎప్పుడో అన్నారు.

అబ్లేషన్ అయ్యాక ఏడాదిన్నర పైగా సీఈఏ 3 దాటలేదు. క్యాలెండరులో ఆ అంకెలు ఇప్పుడు దాపరికం లేకుండా ముందు పేజీలోనే రాస్తున్నారు, పాల ప్యాకెట్ల లెక్క పక్కన, ఎర్ర సిరాతో. మొన్నటి స్కాన్ లో కాలేయం శుభ్రంగా ఉంది. కుడి ఊపిరితిత్తిలో 5 మిల్లీమీటర్ల చుక్క ఒకటి కనిపించింది. అది పాత నిమ్ము తాలూకు మచ్చ కావచ్చు, ఇదే కావచ్చు. అంత చిన్నదాన్ని సూదితో పొడిచి చూడటం కుదరదు, పెరుగుతుందో లేదో చూడటమే దారి అన్నారు. మూడు నెలలు ఆగమన్నారు. ఈసారి రిపోర్టు రాగానే మా వారు హాల్లో అందరి ముందూ చదివారు. చదువుతుంటే గొంతు రెండుసార్లు ఆగింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "5 మిల్లీమీటర్లంటే ఎంత, కందిగింజంతా?" అన్నారు. మా అమ్మాయి స్కేలు తెచ్చి చూపించింది. నిజంగానే కందిగింజంత.

స్కాన్ వచ్చే నెల 12న. ఉదయం ఆరింటికల్లా బయల్దేరాలి, పరగడుపున వెళ్ళాలి. అందుకని ముందురోజు రాత్రికి అల్లం పెసరట్లు కావాలని ఇప్పుడే చెప్పిపెట్టారు. ఉల్లిపాయలు సన్నగా తరగాలట, పోయినసారి లావుగా ఉన్నాయట.